పొలానికి కొట్టే మందును వంటింట్లో చల్లవచ్చునా?

మీరు రాసిన దానిని బట్టి పరిస్థితి ఇది. తిరుపతి కొర్లగుంటలో కింది అంతస్తులో అద్దెకు ఉంటున్నారు. వంటింట్లో చిన్న బొద్దింకలు విపరీతంగా పెరిగాయి. పలమనేరు దగ్గర టమాటా సాగు చేసే మీ మరిది, పొలానికి తెచ్చుకున్న సైపర్‌మెత్రిన్ 25 శాతం మందును కొంచెం ఒక నీళ్ల సీసాలో పోసి పంపుతానన్నారు. అటక మీద పాత అద్దెదారులు వదిలిపోయిన నువాన్ అనే పురుగుమందు సీసా ఒకటి దొరికింది. బియ్యానికి పురుగు పట్టకుండా మూటలో వేసుకొమ్మని ఎవరో మాత్రలు ఇస్తామన్నారు. ఇంట్లో రెండేళ్ల బాబు, ఆయాసం ఉన్న అత్తగారు, చేపల తొట్టి ఉన్నాయి. వీటిలో ఏది వాడవచ్చు, వాడితే ఏ జాగ్రత్తలు తీసుకోవాలి అన్నది మీ ప్రశ్న.

జవాబు ముందే చెబుతాను. పొలం మందు వద్దు. నువాన్ సీసా మూత కూడా తీయవద్దు. బియ్యం మాత్రలను గడప దాటి లోపలికి రానీయవద్దు. మీ వంటింటికి కావలసింది చల్లే మందు కాదు, సందులలో చుక్కలుగా పెట్టే జెల్ మందు. సస్యరక్షణ పనిలో ఉండి, తరువాత ఇళ్లలోనూ గోదాములలోనూ పురుగుల నివారణ చేసే పనివారికి శిక్షణ ఇచ్చిన అనుభవంతో ఇది రాస్తున్నాను. నేను వైద్యుడిని కాను కనుక, చికిత్స గురించి చెప్పేదంతా ఆసుపత్రికి చేరేలోపు ఇంట్లోవారు తెలుసుకోవలసినంత వరకే.

అంగడిలో దొరికే బొద్దింకల స్ప్రే డబ్బా మీద కూడా సైపర్‌మెత్రిన్ అనే పేరే ఉంటుంది. అదే మందు పొలంలో చవకగా దొరుకుతుంటే డబ్బాకు డబ్బు పోయడం ఎందుకని మీ మరిదికి తోచడం సహజమే. కానీ పేరు ఒకటైనంత మాత్రాన పదార్థం ఒకటి కాదు. ఇంటి స్ప్రేలో సైపర్‌మెత్రిన్ సాధారణంగా 0.2 శాతం ఉంటుంది. పొలం మందులో 25 శాతం, అంటే 125 రెట్లు. ఒక మిల్లీలీటరు చిక్కటి మందులో దాదాపు పావు గ్రాము విషం ఉంటుంది. దానిని మూతతో ఉజ్జాయింపుగా కొలిచి, చెంబెడు నీళ్లలో కలిపేవారే ఎక్కువ. అందులో మిగిలినది నీరు కూడా కాదు. రసాయనాన్ని కరిగించడానికి వాడే పెట్రోలియం ద్రావకాలు, నీటిలో కలిసిపోవడానికి వేసే సబ్బు వంటి పదార్థాలు. చల్లిన రోజు తలనొప్పి, వికారం, కళ్ల మంట కలిగించేవి చాలాసార్లు ఈ ద్రావకాలే. పైగా వాటికి నిప్పు అంటుకుంటుంది.

పొలంలో చల్లిన మందు మీద ఎండ పడుతుంది, గాలి తగులుతుంది, వాన కురుస్తుంది, నేలలోని సూక్ష్మజీవులు దానిని విరగ్గొడతాయి. వంటింటి గట్టు కింద వీటిలో ఏదీ ఉండదు. సైపర్‌మెత్రిన్, డెల్టామెత్రిన్ వంటివి ఇంటి లోపలి ధూళిలో వారాల తరబడి, కొన్నిసార్లు నెలల తరబడి నిలిచి ఉంటాయి. పెద్దవాళ్లం ఆ ధూళిని చెప్పులతో తొక్కి పోతాం. రెండేళ్ల పిల్లవాడు దాని మీదే కూర్చుని, చేతులు ఆనించి, అవే చేతులు నోట్లో పెట్టుకుంటాడు. వాడి బరువు మీ బరువులో అయిదో వంతు కూడా ఉండకపోవచ్చు. కాబట్టి పెద్దవారికి ఏమీ చేయని మోతాదు వాడికి కూడా ఏమీ చేయదని అనుకోవడానికి వీలు లేదు.

మీ ఉత్తరంలో నన్ను అన్నింటికన్నా కలవరపెట్టిన మాట "నీళ్ల సీసా". ఈ రకం మందు చుక్క నీటిలో పడగానే నీరు పాలలా తెల్లబడుతుంది. కలిపి ఉంచిన సీసాను చూస్తే పెద్దవాళ్లకే మజ్జిగ అనిపిస్తుంది. ఇళ్లలో పిల్లలు పురుగుమందు తాగిన సంఘటనల వెనుక చాలా తరచుగా కనిపించేది ఇదే: అసలు డబ్బా పొలంలోనో అంగడిలోనో ఉండిపోతుంది, ఇంట్లో ఉన్నది పేరూ ఊరూ లేని శీతల పానీయం సీసా. అది ఎంత పైఅర మీద పెట్టారన్నది తరువాతి మాట. పేరు లేని సీసాలో పురుగుమందు ఇంట్లో ఉండనే కూడదు. మీ మరిదితో ఈ ఒక్క మాట గట్టిగా చెప్పండి, ఆయన నొచ్చుకున్నా ఫరవాలేదు.

ఇక ఈ రసాయనాలు ఏం చేస్తాయో కొంచెం తెలుసుకోవడం మంచిది. సైపర్‌మెత్రిన్, డెల్టామెత్రిన్, పర్మెత్రిన్, దోమల సీసాలలోని ట్రాన్స్‌ఫ్లూత్రిన్, ఇవన్నీ పైరెత్రాయిడ్లనే కుటుంబానికి చెందినవి. చామంతి జాతి మొక్క ఒకదాని పూలలో సహజంగా ఉండే పైరెత్రిన్లను చూసి, ఎండకు చెడకుండా ఎక్కువ కాలం నిలిచేలా ప్రయోగశాలలో తయారు చేసినవి. నరాలలో సంకేతాలు నడిపే సోడియం ద్వారాలు తెరుచుకున్న వెంటనే మూసుకోవాలి. ఈ మందు వాటిని మూసుకోనివ్వదు. దానితో పురుగు వణికి, కాళ్లు కొట్టుకుని, వెల్లకిలా పడుతుంది. మన నరాలలోనూ అటువంటి ద్వారాలే ఉన్నాయి. అయితే మన శరీరం పెద్దది, వెచ్చనిది, మన కాలేయం ఈ రసాయనాన్ని త్వరగా విరిచి మూత్రం ద్వారా పంపేస్తుంది. అందుకే వీటిని మనుషులకు తక్కువ ప్రమాదకరం అంటారు. ప్రమాదం లేనివని దానికి అర్థం కాదు. చేపలకు, తేనెటీగలకు, పిల్లులకు ఆ వెసులుబాటు కూడా లేదు. పిల్లి కాలేయం పర్మెత్రిన్‌ను సరిగా విరగ్గొట్టలేదు. కుక్కల పేల కోసం అమ్మే పర్మెత్రిన్ మందును పిల్లికి పూస్తే అది మూర్ఛలతో చనిపోగలదు. మీ చేపల తొట్టి ఉన్న గదిలో ఏ స్ప్రే కొట్టినా ముందు తొట్టిని పూర్తిగా మూసి, గాలి బుడగల మోటారు ఆపాలి. ఆ మోటారు గదిలోని గాలినే పీల్చి నీళ్లలోకి పంపుతుంది.

చర్మానికి తగిలిన పైరెత్రాయిడ్ వెంటనే ఏమీ అనిపించకపోవచ్చు. కొంతసేపటికి ముఖం మీద, పెదవుల చుట్టూ, ముంజేతుల మీద చిమచిమలు, మంట, తిమ్మిరి మొదలవుతాయి. చెమట పట్టినా, ఎండ తగిలినా ఇంకా పెరుగుతాయి. సాధారణంగా ఒక రోజులోపు వాటంతట అవే తగ్గిపోతాయి. సబ్బుతో ఒకసారి శుభ్రంగా కడుక్కుని, ఆ తరువాత రుద్దడం మానాలి. విటమిన్ ఇ నూనె రాస్తే చాలామందికి ఉపశమనం ఉంటుంది. పీల్చినప్పుడు దగ్గు, తుమ్ములు, ముక్కు కారడం ఉంటాయి. ఆయాసం ఉన్నవారికి ఇది అంతటితో ఆగకపోవచ్చు. స్ప్రే తుంపరలు, దానిలోని సువాసన, ద్రావకపు ఆవిరి కలిసి ఉబ్బసాన్ని రేపగలవు. మీ అత్తగారు ఇంట్లో ఉండగా గది మొత్తం స్ప్రే కొట్టడం అనే ఆలోచనే వద్దు. ఇంకొక మాట కూడా ఆమె కోసమే చెప్పాలి: బొద్దింకల విసర్జన, విడిచిన పొట్టు, చచ్చిన శరీరాల పొడి కూడా ఉబ్బసాన్ని రేపే వస్తువులే. కాబట్టి మందులకు భయపడి బొద్దింకలను అలాగే వదిలేయడం కూడా ఆమెకు మేలు కాదు.

నువాన్ సంగతి పూర్తిగా వేరు. దానిలో ఉన్నది డైక్లోర్వాస్, ఆర్గానోఫాస్ఫేట్ జాతి. పొలం అంగళ్లలో 76 శాతం గాఢతతో అమ్మేవారు. మన వైపు ఇళ్లలో నల్లులకు, బొద్దింకలకు, ఆఖరికి పశువుల కొట్టంలో ఈగలకు కూడా దీనినే కొట్టిన కాలం ఒకటి ఉంది. ఒక్క రాత్రిలో ఇల్లంతా ఊడ్చినట్టు చచ్చేవి కనుక దానికి అంత పేరు వచ్చింది. అలా చావడానికి కారణమే మనకు కీడు. ఈ రసాయనం మామూలు గది వేడికే ఆవిరై గాలిలో కలుస్తుంది. ముక్కు ద్వారా, చర్మం ద్వారా, నోటి ద్వారా, ఎటునుంచైనా ఒంట్లోకి చేరుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ దీనిని అత్యంత ప్రమాదకర తరగతులలో ఒకటైన 1బీలో ఉంచింది. కేంద్ర ప్రభుత్వం 2018 ఆగస్టులో ఇచ్చిన ఉత్తర్వుతో దీని తయారీని దశలవారీగా ఆపించి, 2020 డిసెంబరు 31 నుంచి వాడకాన్ని పూర్తిగా నిషేధించింది. మీ అటక మీది సీసా అంతకుముందుదై ఉండాలి. పాతబడింది కదా, శక్తి తగ్గి ఉంటుంది అనుకోవద్దు.

ఆర్గానోఫాస్ఫేట్లు కోలినెస్టరేజ్ అనే ఎంజైమును పని చేయనివ్వవు. నరానికి, కండరానికి మధ్య కబురు మోసే రసాయనం విరిగిపోకుండా పోగుపడుతుంది. అప్పుడు నోటి వెంట చొంగ, కంటి వెంట నీరు, ఒళ్లంతా చెమట, కడుపులో మెలిపెట్టే నొప్పి, వాంతులు, విరేచనాలు, తెలియకుండా మూత్రం పోవడం, కంటిపాప సూదిమొనంత కుంచించుకుపోవడం, కండరాలు తెగ కదలడం కనిపిస్తాయి. ఛాతీలో ద్రవం నిండి ఊపిరి అందకపోవడమే ప్రాణం తీస్తుంది. దీనికి అట్రోపిన్, ప్రాలిడాక్సిమ్ అనే విరుగుళ్లు ఉన్నాయి. అవి ఆసుపత్రిలో మాత్రమే ఇవ్వగలిగినవి. కోలుకున్నట్టే కనిపించి, ఒకటి నుంచి నాలుగు రోజుల మధ్యలో మెడ ఎత్తలేనంత, ఊపిరి పీల్చలేనంత నీరసం వచ్చే ప్రమాదం కూడా ఉంది. అందుకే "బాగానే ఉన్నాడు కదా" అని మరునాడే ఇంటికి తీసుకుపోతామని పట్టుబట్టకూడదు.

ఇక్కడే సీసా మీది చీటీ విలువ తెలుస్తుంది. ఎక్కువ మోతాదులో తాగినప్పుడు పైరెత్రాయిడ్ల వల్ల కూడా చొంగ, వాంతులు, వణుకు, మూర్ఛలు వస్తాయి. "పురుగుమందు తాగాడు" అన్న ఒక్క మాటతో వచ్చిన రోగిని చూసి, అది ఆర్గానోఫాస్ఫేట్ అని వైద్యుడు భావించే అవకాశం ఎక్కువ. పైరెత్రాయిడ్‌కు విరుగుడు లేదు, లక్షణాలను బట్టి చికిత్స చేయడమే. అవసరం లేని అట్రోపిన్ ఎక్కువగా పడితే అదే కొత్త ప్రమాదం తెస్తుంది. అందువల్ల ఆసుపత్రికి పరుగెత్తేటప్పుడు ఒకరు మనిషిని చూసుకుంటే మరొకరు ఆ సీసానో డబ్బానో చీటీతో సహా ప్లాస్టిక్ సంచిలో వేసి తీసుకుపోవాలి. అది కుదరకపోతే చీటీ రెండు వైపులా ఫోనులో ఫొటో తీయాలి. నీళ్ల సీసాలో పోసి తెచ్చిన మందుకు ఈ ఆసరా ఉండదు.

చీటీ మీద వజ్రాకారంలో ఉండే గుర్తును మీలో చాలామంది చూసే ఉంటారు. కింది త్రికోణంలోని రంగు విషపు తీవ్రతను చెబుతుంది: ఎరుపు అత్యంత విషపూరితం, పసుపు దానికి తరువాతిది, నీలం మధ్యస్థం, ఆకుపచ్చ స్వల్పం. కిలో శరీర బరువుకు 50 మిల్లీగ్రాములలోపే నోటి ద్వారా ఇస్తే ప్రయోగ జంతువులలో సగం చనిపోయే మందుకు ఎరుపు వస్తుంది. ఈ రంగు ఒక్కసారి మింగితే ఏమవుతుందో మాత్రమే చెబుతుందని గుర్తుంచుకోవాలి. రోజూ కొద్దికొద్దిగా పీలిస్తే ఏమవుతుందో, నీటిలోని చేపకు ఏమవుతుందో అది చెప్పదు. ఈ నిబంధనలన్నీ ఒక ఘోరం తరువాత వచ్చినవే. 1958లో ఓడలో ఆహార పదార్థాలతో పాటు తెచ్చిన పారథియాన్ కారి, వాటిని తిన్నవారిలో కేరళలోనూ అప్పటి మద్రాసు రాష్ట్రంలోనూ 100 మందికి పైగా చనిపోయారు. మన పెద్దలు ఫాలిడాల్ అని పిలిచిన మందు అదే. ఆ తరువాత జరిగిన విచారణల ఫలితంగానే 1968 నాటి క్రిమిసంహారక మందుల చట్టం వచ్చింది. బియ్యం, పప్పు ఉన్న అరలోనే బొద్దింకల మందు కూడా పెట్టే ఇళ్లను ఇప్పటికీ చూస్తున్నాను.

ఆ బియ్యం మాత్రల సంగతికి వస్తాను. మీకు ఇస్తామన్నది అల్యూమినియం ఫాస్ఫైడ్ అయ్యే అవకాశం చాలా ఎక్కువ. బూడిద రంగు బిళ్ల, సాధారణంగా 3 గ్రాముల బరువు, గాలి చొరబడని ప్యాకింగులో వస్తుంది. గాలిలోని తేమ తగలగానే ఫాస్ఫీన్ వాయువు విడుదలవుతుంది. ఒక బిళ్ల నుంచి ఒక గ్రాము. అది ఎంత ఘోరమో లెక్క వేసి చూడండి. పది అడుగుల పొడవు, వెడల్పు, ఎత్తు ఉన్న మూసిన గదిలో రెండు బిళ్లల వాయువు పూర్తిగా నిండితే, పది లక్షల భాగాల గాలిలో సుమారు 50 భాగాలు అవుతుంది. ప్రాణానికి తక్షణ ప్రమాదం అని పని భద్రతా ప్రమాణాలు గీసిన గీత సరిగ్గా అక్కడే ఉంది. పనిచేసే చోట రోజంతా అనుమతించే పరిమితి 0.3 భాగం మాత్రమే. ఈ వాయువు తలుపు సందులలోంచి, గోడ పగుళ్లలోంచి పక్క గదికి, పక్క వాటాకు పాకుతుంది. వెల్లుల్లి వాసనో కుళ్లిన చేప వాసనో వస్తుందంటారు కానీ, వాసన రాలేదు కనుక వాయువు లేదని ఎప్పుడూ నమ్మకూడదు. దీనికి విరుగుడు లేదు. మన దేశంలో దీనిని ప్రభుత్వ సంస్థలకు, అనుమతి పొందిన పురుగుల నివారణ సంస్థలకు తప్ప ఎవరికీ అమ్మకూడదు. చిల్లరగా విప్పి అమ్మడం నేరం. గోదాములో ధూపనం (విషవాయువు పట్టించి పురుగును చంపడం) చేసేటప్పుడు కూడా టార్పాలిన్ కప్పి, అంచులు మూసి, మనుషులను దూరంగా ఉంచి, గాలి ఆడించి, కొలిచిన తరువాతే లోపలికి వెళ్లనిస్తారు. పడుకునే గదిలో మంచం కింద ఉన్న మూటలో ఆ బిళ్ల వేయడమంటే ఇంట్లోవారినే ధూపనం చేయడం.

బియ్యంలో బోరిక్ పొడి కలిపే అలవాటు కూడా మన వైపు ఉంది. కడిగితే పోతుందని అనుకుంటారు. ఆహారంలో దానికి అనుమతి లేదు, కడిగినా పూర్తిగా పోతుందన్న హామీ లేదు, చిన్నపిల్లల మూత్రపిండాలు దానిని త్వరగా బయటికి పంపలేవు. బియ్యాన్ని నెలకు సరిపడా మాత్రమే తెచ్చుకుని, బాగా ఆరిన గట్టి మూత డబ్బాలో పోసుకోవడం, కందులకు పెసలకు చేతికి అంటీ అంటనంత ఆముదం పట్టించడం, పురుగు కనిపిస్తే జల్లించి ఎండలో పోయడం, ఇవి చాలు. మన ఎండలకు ఆ పని బాగానే జరుగుతుంది.

మీరు అడగకపోయినా దోమల మందు గురించి ఒక పేరా రాయక తప్పదు, ఎందుకంటే రెండేళ్ల పిల్లవాడు ఉన్న ఇంట్లో నాకు అసలు భయం గోడకు గుచ్చిన ఆ చిన్న సీసా. దానిలో ట్రాన్స్‌ఫ్లూత్రిన్ 0.88 లేదా 1.6 శాతం ఉంటుంది. మిగిలినదంతా దాదాపు వాసన తీసిన కిరోసిన్ వంటి ద్రావకం. పిల్లవాడు దాన్ని లాగి నోట్లో పెట్టుకుంటే పురుగుమందు కన్నా ఈ ద్రావకమే ఎక్కువ ముప్పు. పలుచటి నూనె గొంతులోంచి ఊపిరితిత్తులలోకి సులువుగా జారి, నిమోనియా వంటి మంటను తెస్తుంది. వాంతి చేయిస్తే అదే ద్రవం రెండోసారి గొంతు దాటుతుంది. అందుకే కక్కించకూడదు. తాగిన వెంటనే దగ్గు వచ్చిందంటే కొంత ఊపిరితిత్తులలోకి పోయిందనే అనుకుని ఆసుపత్రికి వెళ్లాలి. దగ్గు లేకున్నా వైద్యుడి పర్యవేక్షణలో కొన్ని గంటలు ఉంచాలి. ఖాళీ సీసాలో వేపనూనె, కర్పూరం, కిరోసిన్ కలిపి నింపే చిట్కా ఫోన్లలో తిరుగుతోంది. కర్పూరం మింగిన పిల్లలకు నిమిషాలలోనే మూర్ఛలు రాగలవు. దేవుడి గదిలో పూజకు ఉంచిన కర్పూరం డబ్బాకు కూడా ఈ మాటే వర్తిస్తుంది. ఇక దోమల చుట్ట విషయంలో భయపడవలసింది పొగకే: 2003లో వెలువడిన ఒక అధ్యయనంలో ఒక చుట్ట కాలితే వెలువడే సన్నని ధూళి 75 నుంచి 137 సిగరెట్ల ధూళికి సమానమని తేలింది. మీ అత్తగారున్న గదిలో అది పూర్తిగా మానేసి దోమతెర కట్టండి. నమోదు సంఖ్య లేని దోమల అగరబత్తులు అంతకన్నా అధ్వానం, వాటిలో ఏ రసాయనం ఉందో చీటీ చెప్పదు.

స్ప్రే డబ్బా మీ ఇంట్లో ఇప్పటికే ఉండే ఉంటుంది. దానిని తోసే వాయువు చాలా డబ్బాలలో వంట గ్యాసు జాతిదే. గ్యాసు పొయ్యి పక్కన, దీపం వెలుగుతున్న పూజ అలమర ముందు, వేడి పెనం మీదుగా దానిని నొక్కితే మంట రేగుతుంది. సిలిండరు రెగ్యులేటరు ఆపి, దీపం కొండెక్కిన తరువాత, తినే పదార్థాలు, గిన్నెలు, తాగేనీరు బయటికి తీసి, సందులలోకి మాత్రమే ఒకటి రెండు సెకన్లు కొట్టాలి. గాలిలోకి, నేలంతా, గోడంతా కొట్టడం వల్ల బొద్దింక చావదు, మందు మన ఒంటికి అంటుతుంది. తరువాత కనీసం అరగంట గది మూసి, ఆపైన కిటికీలన్నీ తెరిచి గాలి ఆడించి, పిల్లవాడు తిరిగే నేలను సబ్బునీళ్లతో తుడిచాకే వాడిని వదలాలి. మూతికి కట్టుకున్న గుడ్డ తుంపరలను కొంత ఆపుతుంది, ఆవిరిని ఆపదు. గుడ్డ చేతి తొడుగులు మందును పీల్చి చర్మానికి అంటించి ఉంచుతాయి, రబ్బరువే వేసుకోవాలి. చీమల కోసం గీసే సుద్దముక్క కూడా పైరెత్రాయిడే. పలక, బలపం ఉన్న ఇంట్లో అది వద్దు.

ఇప్పుడు బొద్దింకలు. మీరు వర్ణించిన చిన్నవి, తల వెనుక రెండు నల్లటి చారలతో లేత గోధుమ రంగులో ఉండేవి, జర్మన్ బొద్దింకలు. ఆడది 30 నుంచి 40 గుడ్లున్న సంచిని పొదిగే దాకా ఒంటికి అంటించుకునే తిరుగుతుంది. స్ప్రే మందు ఆ సంచిలోకి దిగదు. అందుకే స్ప్రే కొట్టిన వారం బాగుండి, నెల తిరిగేసరికి మళ్లీ నిండిపోతాయి. పైగా చాలా ఊళ్లలో ఇవి పైరెత్రాయిడ్లకు అలవాటు పడి, వాటికి తేలికగా చావడం లేదు.

ఒక రాత్రి దీపాలన్నీ ఆర్పి, గంట తరువాత టార్చి వేసి చూడండి. ఫ్రిజ్ తలుపు చుట్టూ ఉన్న రబ్బరును వేలితో విప్పి చూస్తే మడతలలో నల్లటి చుక్కలు కనిపిస్తాయి; అవి వాటి విసర్జన. ఫ్రిజ్ వెనుక వెచ్చగా ఉండే మోటారు దగ్గర, మిక్సీ అడుగున, అలమర తలుపు కీళ్లలో, సింకు గొట్టం గోడలోకి దూరే రంధ్రం చుట్టూ వెతకండి. చుక్కలు ఎక్కడ ఎక్కువగా ఉన్నాయో అక్కడే ఫిప్రోనిల్ 0.05 శాతం జెల్‌ను గాని, ఇమిడాక్లోప్రిడ్ 2.15 శాతం జెల్‌ను గాని చిన్న చుక్కలుగా, పిల్లవాడి వేలు దూరని లోతట్టు సందులలో పెట్టాలి. ఫిప్రోనిల్ జెల్ 0.1 గ్రాము చుక్కలో విషం 0.05 మిల్లీగ్రాము. గాలిలోకి ఆవిరి కాదు, వాసన లేదు, మీ అత్తగారు అదే ఇంట్లో ఉండవచ్చు. తిన్న బొద్దింక గూటికి పోయి చస్తుంది. దాని విసర్జనను, శవాన్ని తిన్న మిగిలినవి కూడా చస్తాయి. ఒక్క షరతు ఉంది: జెల్ పెట్టిన చోట స్ప్రే కొట్టకూడదు, ఫినాయిల్‌తో తుడవకూడదు. ఆ వాసనకు బొద్దింక జెల్ వైపు రాదు. రాత్రి సింకులో ఎంగిలి గిన్నెలు ఉంచితే కూడా జెల్ తినే అవసరం దానికి ఉండదు. రెండు వారాల తరువాత చూసి ఆరిపోయిన చుక్కలు మార్చండి; కొత్తగా పొదిగిన పిల్లల కోసం నెలకొకసారి మళ్లీ చూడండి. పైపు రంధ్రాలు తెల్ల సిమెంటుతో మూయించండి. అద్దె ఇల్లే అయినా ఆ ఖర్చు పెద్దది కాదు, ఇంటి యజమానిని అడిగినా తప్పు లేదు.

ఎవరికైనా మందు తగిలితే చేయవలసినవి చెబుతాను. ఒంటి మీద పడితే తడిసిన బట్టలు వెంటనే తీసేసి సబ్బుతో ధారాళంగా కడగాలి. కడిగేవారు చేతికి రబ్బరు తొడుగు వేసుకోవాలి. కంట్లో పడితే రెప్ప తెరిచి ఉంచి 15 నిమిషాలు పారే నీటితో కడగాలి. పీల్చినవారిని బయటి గాలిలోకి తేవాలి, ఫాస్ఫీన్ అనుమానం ఉన్న గదిలోకి మాత్రం రక్షించడానికైనా దూకకూడదు. మింగితే ఉప్పునీళ్లు, చింతపండు రసం, పేడనీళ్లు, మజ్జిగ, గుడ్డు, ఏదీ పోయకూడదు, గొంతులో వేలు పెట్టకూడదు. స్పృహ తప్పితే ఎడమ పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోన్ చేయాలి. ఢిల్లీ ఎయిమ్స్‌లోని జాతీయ విష సమాచార కేంద్రం ఉచిత ఫోన్ నంబరు 1800 116 117. ఇది ఏ వేళైనా పలుకుతుంది. చీటీ చేతిలో పెట్టుకుని చేయండి. తిరుపతిలో మీకు రుయా, స్విమ్స్ ఆసుపత్రులు రెండూ దగ్గరే కనుక ఏ చిట్కా కోసమూ ఆగనవసరం లేదు.

చివరగా ఆ నువాన్ సీసా. మూత బిగుతుగా ఉందో లేదో చేతి తొడుగు వేసుకుని చూడండి, తెరవకండి. చీటీ చిరగకుండా మందపాటి ప్లాస్టిక్ సంచిలో రెండు పొరలుగా కట్టి, పైన "విషం" అని రాసి, పిల్లవాడికి అందని బయటి అరలో తాళం వేసి ఉంచండి. కాలువలో పోయడం, నేలలో పాతడం, తగలబెట్టడం మూడూ తప్పే. పురుగుమందు డబ్బాలను తడి పొడి చెత్తలలో కలపకుండా విడిగా ఇవ్వాలి. నగరపాలక సంస్థ చెత్త బండి వచ్చినప్పుడు పనివారికి అదేమిటో నోటితో చెప్పి చేతికివ్వండి, లేదా ముందుగా పారిశుద్ధ్య పర్యవేక్షకుడిని అడిగి ఆయన చెప్పిన చోట అప్పగించండి. వాళ్లు కూడా తొడుగులు లేని చేతులతోనే పట్టుకుంటారు కాబట్టి, సీసా బయట కారిన మరకలుంటే పారేసే పాత గుడ్డతో తుడిచి ఆ గుడ్డను కూడా అదే సంచిలో వేసి కట్టండి.